రీసెర్చ్ డేటాకి స్టాటిస్టిక్స్ నేర్చుకునేవాళ్లకు జమోవి ఎలా ఉంటుంది: వివరంగా రివ్యూ

అసలు విషయం ముందే చెప్పేస్తాను. డేటా సేకరించడం అయిపోయి, ఎక్సెల్ షీట్ తెరిచి పెట్టుకుని, ఇప్పుడు దీన్ని ఏం చేయాలో తెలియక టెన్షన్ పడుతున్న వాళ్లెవరు అడిగినా నేను మొదట చెప్పే పేరు జమోవి, స్టాటిస్టిక్స్ లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్. ఇది ఉచితం కాబట్టి మాత్రమే కాదు. బేసిక్ స్టాటిస్టిక్స్ ఒంటబట్టాలంటే ఒక ఆప్షన్ మార్చినప్పుడు ఫలితంలో ఏం మారుతుందో కళ్లముందు కనపడాలి, ఆ పని ఇది చాలా బాగా చేస్తుంది. అలాగని దీన్ని ఇన్‌స్టాల్ చేసుకుంటే స్టాటిస్టిక్స్ వచ్చేసినట్టే అనుకుంటే మాత్రం పొరపాటు, ఆ సంగతి కూడా కిందే చెప్తాను, ఎందుకంటే ఇందులో నాకు నచ్చని విషయాలూ ఉన్నాయి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. జమోవి 2017లో వచ్చింది. జొనాథన్ లవ్, డామియన్ డ్రాప్‌మన్, రవి సెల్కర్ అనే ముగ్గురు మొదలుపెట్టారు, అంతకుముందు వీళ్లు జాస్ప్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ మీద పనిచేసినవాళ్లే. లోపల లెక్కలు చేసేది ఆర్, అంటే స్టాటిస్టీషియన్లు వాడే ప్రోగ్రామింగ్ భాష. పైకి మాత్రం ఎక్సెల్‌లాంటి షీట్, ఎడమవైపు డేటా, కుడివైపు ఫలితాలు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఎక్సెల్, సీఎస్‌వీ ఫైళ్లే కాదు, ఎస్‌పీఎస్‌ఎస్ అనే ఇంకో స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ ఫైళ్లు కూడా నేరుగా తెరుస్తుంది, కాబట్టి మీ గైడ్ దగ్గర పాత ఎస్‌పీఎస్‌ఎస్ ఫైల్ ఉన్నా ఇబ్బంది లేదు.

ఎస్‌పీఎస్‌ఎస్‌కీ దీనికీ రోజూ వాడేటప్పుడు తెలిసే తేడా ఒకటుంది. అక్కడ ఆప్షన్లన్నీ పెట్టి ఓకే నొక్కితే అవుట్‌పుట్ వస్తుంది, ఏదన్నా మారిస్తే మళ్లీ రన్ చేయాలి, పాత టేబుల్ పైన ఉంటుంది, కొత్తది కింద చేరుతుంది, అలా నాలుగుసార్లు చేస్తే ఏ టేబుల్ ఏ సెట్టింగ్‌తో వచ్చిందో మనకే గుర్తుండదు. జమోవిలో ఓకే బటనే లేదు. టిక్ పెట్టగానే ఫలితం వస్తుంది, తీసేస్తే పోతుంది, డేటాలో ఒక సెల్ మారిస్తే దానిమీద ఆధారపడిన టేబుళ్లన్నీ వాటంతట అవే మారిపోతాయి. వినడానికి చిన్న సౌకర్యంలా ఉంటుంది గానీ నేర్చుకునేవాడికి ఇదే పెద్ద విషయం. ఒక్క అవుట్‌లయర్, అంటే మిగతావాటికి చాలా దూరంగా పడ్డ అంకె, సగటుని ఎంత లాగుతుందో, మీడియన్, అంటే వరుసలో పెడితే మధ్యలో వచ్చే అంకె, ఎందుకు కదలదో చెప్పడానికి ఎంతసేపైనా ఉపన్యాసం ఇవ్వొచ్చు, లేదా డిస్క్రిప్టివ్స్ టేబుల్ తెరిచి పెట్టి 45 ఉన్నచోట 450 అని టైప్ చేసి చూడమనొచ్చు. రెండోదే బుర్రలోకి ఎక్కుతుంది.

మొదలుపెట్టేటప్పుడు అందరూ దాటేసే మెట్టు ఒకటుంది, వేరియబుల్ రకం. ప్రతి కాలమ్‌కి పేరు పక్కన చిన్న బొమ్మ ఉంటుంది, అది నామినలా, ఆర్డినలా, కంటిన్యువస్సా అని చెప్తుంది. నామినల్ అంటే పేర్లు మాత్రమే, ఒకదాని తర్వాత ఒకటి అనే వరుస లేనివి: బ్లడ్ గ్రూపు, చదివే విభాగం. ఆర్డినల్ అంటే వరుస ఉంది కానీ మధ్య దూరం సమానమని చెప్పలేం: అస్సలు ఒప్పుకోను, ఒప్పుకోను, ఒప్పుకుంటాను, అలాంటివి. కంటిన్యువస్ అంటే ఎత్తు, బరువు, సమయం లాంటి కొలతలు. ఫైల్ తెరిచినప్పుడు జమోవి తనే ఊహించి ఒక రకం పెడుతుంది, అది ప్రతిసారీ సరిగ్గా ఉంటుందని నమ్మకండి, ముఖ్యంగా గ్రూపుల్ని 1, 2, 3 అని కోడ్ చేసి ఉంటే. టెస్టుల జోలికి వెళ్లకముందే కాలమ్ కాలమ్‌కీ ఆ బొమ్మ చూసి సరిచేసుకోండి. ఏ టెస్ట్ వాడాలి అన్న ప్రశ్నకి సగం సమాధానం అక్కడే దొరుకుతుంది, ఎందుకంటే రెండు గ్రూపుల మధ్య ఒక కొలతని పోల్చాలంటే టి టెస్ట్, మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ గ్రూపులైతే అనోవా, రెండు వైపులా నామినల్ ఐతే కై స్క్వేర్, రెండు వైపులా కొలతలే ఐతే కోరిలేషన్ లేదా రిగ్రెషన్. బేసిక్ టెస్టుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగానికి వస్తాను. జమోవిలో డేటా లైబ్రరీ అని ఉంటుంది, నేర్చుకోడానికి పెట్టిన శాంపిల్ ఫైళ్లు. వాటిలో టూత్ గ్రోత్ అనేది తెరవండి. పాత డేటా, అసలు అధ్యయనం 1947 నాటిది. 60 గినీ పందులకి విటమిన్ సి ఇచ్చారు, సగం వాటికి ఆరెంజ్ జ్యూస్ రూపంలో, మిగతా సగానికి ఆస్కార్బిక్ యాసిడ్ రూపంలో. రోజుకి 0.5, 1, 2 మిల్లీగ్రాములు అని మూడు డోసులు. పళ్ల పెరుగుదలకి కారణమయ్యే కణాల పొడవు కొలిచారు. ఇక ప్రశ్న: ఏ రూపంలో ఇస్తే పెరుగుదల ఎక్కువ?

చాలామంది చేసే పని నేరుగా ఇండిపెండెంట్ శాంపిల్స్ టి టెస్ట్‌కి వెళ్లి, పొడవుని పైన పెట్టెలో, ఇచ్చిన రూపాన్ని కింద పెట్టెలో పెట్టేయడం. జ్యూస్ గ్రూపు సగటు 20.66, యాసిడ్ గ్రూపు సగటు 16.96. తేడా 3.70. టి విలువ 1.915, పి విలువ 0.060 (పి విలువ అంటే ఏంటో కింద వివరంగా చెప్తాను, మామూలుగా అది 0.05 కంటే తక్కువైతే తేడాని సిగ్నిఫికెంట్ అంటారు). ఇక్కడ చాలా థీసిస్‌లలో రాసే వాక్యం ఏంటంటే, పి విలువ 0.05 కంటే ఎక్కువ కాబట్టి రెండింటి మధ్య తేడా లేదు. ఈ వాక్యం తప్పు, ఎంత తప్పో ఈ డేటాయే చూపిస్తుంది.

అదే టి టెస్ట్ ప్యానెల్లో మీన్ డిఫరెన్స్, దాని కింద కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ అని ఉంటాయి, రెండిటికీ టిక్ పెట్టండి. 95 శాతం ఇంటర్వెల్ మైనస్ 0.17 నుంచి 7.57 వరకు వస్తుంది. అంటే ఈ డేటాతో, ఈ పద్ధతిలో చూస్తే, అసలు తేడా దాదాపు సున్నా అయినా ఆశ్చర్యం లేదు, ఏడు యూనిట్లు దాటినా ఆశ్చర్యం లేదు. తేడా లేదని రుజువైనట్టు కాదు, ఎంతో తేల్చిచెప్పలేకపోతున్నాం అని. ఈ రెండింటి మధ్య ఉన్న దూరం అర్థమైతే స్టాటిస్టిక్స్‌లో కష్టమైన మెట్టు ఒకటి ఎక్కేసినట్టే. ఎఫెక్ట్ సైజ్, అంటే తేడా ఎంత పెద్దదో చెప్పే కోహెన్స్ డి కూడా టిక్ పెడితే 0.49 చూపిస్తుంది, మామూలు లెక్కలో మధ్యస్థం అనే సైజు, కొట్టిపారేసేది కాదు.

సరే, ఇప్పుడు డిస్క్రిప్టివ్స్‌కి వెళ్లి పొడవుని రూపం, డోసు రెండింటి వారీగా విడగొట్టండి, స్ప్లిట్ బై అనే పెట్టెలో వేస్తే చాలు. అసలు కథ అప్పుడు బయటపడుతుంది. 0.5 డోసు దగ్గర జ్యూస్ 13.23, యాసిడ్ 7.98. 1 డోసు దగ్గర జ్యూస్ 22.70, యాసిడ్ 16.77. 2 డోసు దగ్గర జ్యూస్ 26.06, యాసిడ్ 26.14, అంటే తేడా మాయం. తక్కువ డోసుల్లో ఐదు యూనిట్లకి పైగా తేడా ఉంది, ఎక్కువ డోసులో ఏమీ లేదు, మనం మూడింటినీ కలిపేసి 3.70 అనే ఒక సగటు తేడా తీసి దానిమీద తీర్పు ఇచ్చాం. ఏ డోసు దగ్గరా నిజం కాని అంకె అది!

ఇప్పుడు అనోవా మెనూలో అనోవా ఎంచుకుని, డోసుని ఆర్డినల్‌గా పెట్టి, రూపం, డోసు రెండింటినీ ఫిక్స్‌డ్ ఫ్యాక్టర్స్‌లో వేయండి. రూపానికి ఎఫ్ విలువ (టి టెస్ట్‌లో టి విలువ లాంటిదే) 15.57, పి విలువ 0.001 కంటే తక్కువ. ఇంటరాక్షన్‌కి, అంటే రూపం వల్ల వచ్చే తేడా డోసుని బట్టి మారడానికి, ఎఫ్ 4.11, పి 0.022. అవే 60 జంతువులు, అదే 3.70 తేడా, కాసేపటి క్రితం 0.060 వచ్చింది, ఇప్పుడు ఇంత స్పష్టంగా వచ్చింది, ఎందుకు? టి టెస్ట్‌కి డోసు గురించి తెలియదు. డోసు వల్ల వచ్చిన పెద్ద పెద్ద తేడాలన్నిటినీ అది వివరించలేని గందరగోళం కిందే లెక్కేసింది, అక్కడ గ్రూపు లోపలి స్టాండర్డ్ డీవియేషన్, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత, దాదాపు 7.48. డోసుని మోడల్లోకి తెచ్చాక మిగిలిన గందరగోళం దాదాపు 3.63కి దిగింది. సంకేతం మారలేదు, చుట్టూ ఉన్న రొద తగ్గింది. ఎస్టిమేటెడ్ మార్జినల్ మీన్స్‌లో రెండు ఫ్యాక్టర్లనీ ఒకే టర్మ్‌లో వేసి ప్లాట్ చూస్తే రెండు గీతలు దూరంగా మొదలై చివర్లో కలిసిపోవడం కనిపిస్తుంది, ఆ బొమ్మ చూశాక ఇంటరాక్షన్ అంటే ఏంటని మళ్లీ ఎవరూ అడగరు.

ఈ మొత్తం ప్రయాణం, టి టెస్ట్ నుంచి ఇంటరాక్షన్ దాకా, ఒకే స్క్రీన్ మీద, ఒక్క లైన్ కోడ్ లేకుండా జరుగుతుంది. జమోవికి నేను ఇంత మార్కులు వేస్తున్నది ముఖ్యంగా ఇందుకే. ఒక్క హెచ్చరిక: టి టెస్ట్ చేసి, నచ్చకపోతే అనోవా చేసి, పి విలువ తగ్గేదాకా తిరగమని నేను చెప్తున్నట్టు కాదు. డోసు ముందే ప్రయోగం డిజైన్‌లో ఉంది, కాబట్టి మొదటి నుంచీ విశ్లేషణలో ఉండాల్సిందే. డిజైన్‌లో ఉన్నది మోడల్లో ఉండాలి.

ఇదే పాఠం చెప్పే ఇంకో పాత డేటా, స్టూడెంట్ అనే కలం పేరుతో విలియం గోసెట్ 1908లో టి పంపిణీ గురించి రాసిన పేపర్లోది. మొత్తం 20 అంకెలే కాబట్టి ఖాళీ షీట్ తెరిచి మీరే టైప్ చేసుకోవచ్చు. పది మంది రోగులు, రెండు నిద్రమందులు, ఎన్ని గంటలు ఎక్కువ నిద్రపోయారు అని. మొదటి మందుకి: 0.7, -1.6, -0.2, -1.2, -0.1, 3.4, 3.7, 0.8, 0, 2. రెండోదానికి అదే వరుసలో: 1.9, 0.8, 1.1, 0.1, -0.1, 4.4, 5.5, 1.6, 4.6, 3.4. సగటులు 0.75, 2.33. ఇవి వేరు వేరు మనుషులవని పొరబడి ఇండిపెండెంట్ టి టెస్ట్ చేస్తే పి విలువ 0.079. ఒకే మనిషికి రెండు కొలతలని గుర్తించి పెయిర్డ్ టి టెస్ట్ చేస్తే 0.003. మనిషికీ మనిషికీ మధ్య నిద్రలో ఉండే తేడా మొదటి లెక్కలో అడ్డం పడింది, రెండో లెక్కలో ప్రతి మనిషినీ వాళ్లతోనే పోల్చాం కాబట్టి ఆ అడ్డు పోయింది. ప్రీ టెస్ట్, పోస్ట్ టెస్ట్ డేటా ఉన్నవాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

జమోవిలో ఇక్కడ ఇంకో లాభం ఉంది, పెయిర్డ్ టెస్ట్‌కి డేటా ఒక మనిషికి ఒక వరుస, రెండు కొలతలు రెండు కాలమ్స్‌గా ఉండాలి. ఇండిపెండెంట్ టెస్ట్‌కైతే కొలత అంతా ఒకే కాలమ్‌లో, గ్రూపు పేరు పక్క కాలమ్‌లో. అంటే షీట్ ఎలా అమర్చాలి అన్నదే మిమ్మల్ని ఆలోచింపజేస్తుంది, ఈ అంకెలు ఒకే మనిషివా, వేరే మనుషులవా అని. మొదట్లో విసుగనిపిస్తుంది, కానీ ఆ ప్రశ్న తప్పించుకోకూడనిది.

అజంప్షన్ల గురించి, అంటే టెస్ట్ ముందే అనుకునే షరతుల గురించి. టి టెస్ట్, అనోవా, రిగ్రెషన్ ప్రతిదాని ప్యానెల్లోనూ అజంప్షన్ చెక్స్ అని అక్కడికక్కడే ఉంటాయి: నార్మల్‌గా, అంటే గంట ఆకారంలో ఉందా అని చూసే షపీరో విల్క్, క్యూ క్యూ ప్లాట్, గ్రూపుల పోలికలకైతే వాటి వేరియన్స్‌లు, అంటే అంకెల చెదురు, సమానమా అని చూసే లెవీన్స్. వేరే మెనూలో వెతుక్కోనక్కర్లేదు. లెవీన్స్ టెస్ట్‌లో వేరియన్స్‌లు సమానంగా లేవని తేలితే టి టెస్ట్ టేబుల్ కిందే నోట్ రూపంలో చెప్తుంది. ఇది చాలా మంచి ఏర్పాటు. కానీ ఇక్కడే నాకు ఒక అభ్యంతరం కూడా ఉంది. టి టెస్ట్ తెరవగానే ముందే టిక్ పెట్టి ఉండేది స్టూడెంట్స్ టెస్ట్, అది రెండు గ్రూపుల వేరియన్స్ సమానమని అనుకుంటుంది. వన్ వే అనోవా తెరిస్తే మాత్రం ముందే టిక్ పెట్టి ఉండేది వెల్చ్ టెస్ట్, దానికి ఆ షరతు అక్కర్లేదు. రెండుచోట్లా ఒకే పద్ధతి పెట్టి ఉండాల్సింది. గ్రూపుల సైజులు తేడాగా ఉండి, వేరియన్స్‌లు కూడా తేడాగా ఉంటే స్టూడెంట్స్ టెస్ట్ తప్పుదారి పట్టిస్తుంది. వెల్చ్ వాడితే పోయేది దాదాపు ఏమీ లేదు. కాబట్టి నా సలహా, టి టెస్ట్‌లో ఆ స్టూడెంట్స్ టిక్ తీసేసి వెల్చ్ పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

షపీరో విల్క్‌ని కూడా తీర్పుగా తీసుకోకండి. శాంపిల్ చిన్నదైతే నిజంగా వంకరగా ఉన్న డేటాని కూడా అది పట్టుకోలేదు, శాంపిల్ పెద్దదైతే పట్టించుకోనక్కర్లేని చిన్న వంకరకి కూడా పి విలువ 0.001 కంటే తక్కువ ఇచ్చి భయపెడుతుంది. క్యూ క్యూ ప్లాట్ చూడండి, చుక్కలు గీత వెంట పోతున్నాయా, చివర్లలో బాగా విడిపోతున్నాయా అని. ఇంకోటి, నార్మల్‌గా ఉండాల్సింది మీ ముడి డేటా కాదు, మోడల్ వివరించాక మిగిలిన రెసిడ్యువల్స్. మొత్తం కాలమ్‌కి హిస్టోగ్రామ్ గీసి రెండు గుట్టలు కనపడ్డాయని నార్మల్ షరతు లేని నాన్ పారామెట్రిక్ టెస్ట్‌కి పరిగెత్తేవాళ్లు చాలామంది, ఆ రెండు గుట్టలు రెండు గ్రూపులు కావచ్చు కదా! అలాంటి టెస్టే అయిన మాన్ విట్నీ అవసరమైతే అదే ప్యానెల్లో మూడో టిక్‌గా ఉంది, అది వాడటం తప్పేం కాదు, కారణం తెలిసి వాడాలి అంతే.

కై స్క్వేర్ గురించి ఎక్కువ చెప్పను, ఫ్రీక్వెన్సీస్ మెనూలో ఉంటుంది, వరుసల్లో ఒకటి, కాలమ్స్‌లో ఒకటి వేస్తే టేబుల్ తయారు. ఎక్స్‌పెక్టెడ్ కౌంట్స్‌కి టిక్ పెట్టి చూసుకోండి, చిన్న టేబుల్లో అవి 5 కంటే తక్కువకి దిగితే ఫిషర్స్ ఎగ్జాక్ట్ పక్కనే ఉంది. ఒకే మనుషుల్ని రెండుసార్లు అడిగిన అవును, కాదు డేటా ఐతే మామూలు కై స్క్వేర్ కాదు, మెక్‌నెమార్, అదీ అదే మెనూలో పెయిర్డ్ శాంపిల్స్ కింద.

కోరిలేషన్‌కి వస్తే ఒక్క మాట, ప్లాట్ చూడకుండా కోరిలేషన్ అంకె రాయకండి. 1973లో ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ నాలుగు చిన్న డేటా సెట్లు తయారుచేశారు, ఒక్కోదాంట్లో 11 జతల అంకెలు. నాలుగింటిలోనూ సగటులు ఒకటే, కోరిలేషన్ 0.816, రిగ్రెషన్ గీత కూడా ఒకటే. గ్రాఫ్ గీస్తే ఒకటి మామూలు సరళరేఖ సంబంధం, ఇంకోటి స్పష్టమైన వంపు, మూడోది ఒకే ఒక్క చుక్క గీతని పైకి లాగినది, నాలుగోదాంట్లో సంబంధం మొత్తం ఒక్క చుక్క వల్లే పుట్టింది. జమోవి కోరిలేషన్ మ్యాట్రిక్స్‌లో ప్లాట్ అనే టిక్ ఉంది. అది పెట్టడానికి పట్టేది ఒక్క క్లిక్, పెట్టకపోతే రివ్యూయర్ దగ్గర సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది.

ఇప్పుడు నాకు నిజంగా భయం వేసే సంగతి. ఇంత సులువుగా ఉండటమే దీంతో వచ్చే పెద్ద చిక్కు. 20 ప్రశ్నలున్న సర్వే డేటా తెరిచి, జెండర్ వారీగా అన్నిటికీ ఒకేసారి టి టెస్ట్ చేయొచ్చు, ఆ పెట్టెలో ఎన్ని వేరియబుల్స్ వేసినా తీసుకుంటుంది. అసలు ఎక్కడా ఏ తేడా లేకపోయినా, ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 టెస్టులు 0.05 దగ్గర చేస్తే కనీసం ఒకటైనా సిగ్నిఫికెంట్‌గా వచ్చే అవకాశం దాదాపు 64 శాతం. ఆ వచ్చిన ఒక్కదాన్ని పట్టుకుని డిస్కషన్ చాప్టర్ మొత్తం రాసేస్తే అది పరిశోధన అనిపించుకోదు. అనోవా తర్వాత ఏ గ్రూపుకీ ఏ గ్రూపుకీ తేడా ఉందో చూసే పోస్ట్ హాక్ పోలికలకి, ఎక్కువ టెస్టులు చేసినందుకు పి విలువని సరిచేసే టూకీ సవరణని జమోవి తనే పెడుతుంది, హోల్మ్, బోన్‌ఫెరోనీ సవరణలు కూడా ఉన్నాయి. కానీ విడివిడిగా చేసుకునే టి టెస్టులకి ఎవరూ మిమ్మల్ని ఆపరు. ఏ ప్రశ్నకి ఏ టెస్ట్ అని డేటా చూడకముందే ఒక పేజీ మీద రాసుకోండి, దానికి మించి చేసినవన్నీ వెతుకులాటలో దొరికినవని రిపోర్టులో స్పష్టంగా చెప్పండి.

పి విలువ అంటే ఏంటో కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ అంకె ఇస్తుంది గానీ అర్థం చెప్పదు. నిజంగా తేడా ఏమీ లేకపోతే, టెస్ట్ అనుకున్న షరతులన్నీ సరిగ్గా ఉంటే, ఇంత తేడా గానీ ఇంతకంటే పెద్దది గానీ కనిపించే అవకాశం ఎంత అన్నది పి విలువ. మన హైపోథెసిస్ నిజమయ్యే అవకాశం కాదు, ఫలితం యాదృచ్ఛికంగా వచ్చిందనే అవకాశం కూడా కాదు. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో దీనిమీద ప్రత్యేకంగా ఒక ప్రకటన చేయాల్సి వచ్చిందంటే ఈ అపార్థం ఎంత విస్తృతమో ఊహించుకోండి. పి విలువ తేడా ఎంత పెద్దదో చెప్పదు, ఆ తేడా ముఖ్యమైనదో కాదో చెప్పదు. అందుకే టేబుల్లో ఎప్పుడూ సగటు తేడా, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, ఎఫెక్ట్ సైజ్ మూడూ ఉండాలి. ఇంకో చిన్న విషయం, జమోవి పి విలువ చాలా చిన్నదైతే .001 కంటే తక్కువ అని చూపిస్తుంది, దాన్ని అలాగే రాయండి, 0.000 అని రాయకండి, పి విలువ ఎప్పుడూ సున్నా కాదు.

శాంపిల్ సైజు విషయానికి జేపవర్ అనే మాడ్యూల్ విడిగా కలుపుకోవాలి, పైన కుడివైపు ప్లస్ గుర్తు దగ్గర మాడ్యూల్స్ లైబ్రరీ ఉంటుంది. టి టెస్ట్ రకం డిజైన్లకి బాగుంది. కోహెన్స్ డి 0.5 అంత తేడాని 80 శాతం పవర్‌తో (నిజంగా ఉన్న తేడాని పట్టుకునే అవకాశం), 0.05 దగ్గర, రెండు వైపులా టెస్ట్ చేసి పట్టుకోవాలంటే గ్రూపుకి 64 మంది కావాలి. 0.2 అంత చిన్న తేడా ఐతే గ్రూపుకి 394. గ్రూపుకి 30 మంది ఉంటే చాలు అనే మాట ఎక్కడినుంచి వచ్చిందో గానీ చాలా థీసిస్‌లని అదే దెబ్బతీస్తోంది. ఈ లెక్క డేటా సేకరించకముందు చేయాలి, అయిపోయాక చేస్తే ఉపయోగం లేదు.

ఫైల్ దాచుకునే పద్ధతి నాకు చాలా ఇష్టం. డేటా, చేసిన విశ్లేషణలు, పెట్టిన టిక్‌లు, ఫలితాలు అన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి. ఆరు నెలల తర్వాత తెరిచి ఏ టేబుల్ మీద క్లిక్ చేసినా అది ఏ ఆప్షన్లతో వచ్చిందో ఎడమవైపు కనిపిస్తుంది. మీ గైడ్‌కి ఆ ఒక్క ఫైల్ పంపితే చాలు. కొందరు వరుసల్ని డిలీట్ చేసేస్తారు, అలా వద్దు, ఫిల్టర్ పెట్టండి. ఫిల్టర్‌లో షరతు రాస్తే ఆ వరుసలు లెక్కలోంచి పక్కకి పోతాయి గానీ డేటాలో ఉంటాయి, ఎన్ని పక్కకి పోయాయో కింద పట్టీలో కనిపిస్తుంది. ఎవరిని ఎందుకు తీసేశారు అని ఎవరైనా అడిగితే సమాధానం అక్కడే ఉంటుంది. ఫలితాల చివర్లో ఏ సాఫ్ట్‌వేర్‌ని, ఏ ఆర్ ప్యాకేజీల్ని సైట్ చేయాలో కూడా తనే రాసి ఇస్తుంది.

సింటాక్స్ మోడ్ అని ఒకటుంది, పైన కుడివైపు మూడు చుక్కల్లో. అది ఆన్ చేస్తే ప్రతి ఫలితానికి పైన దాని ఆర్ కోడ్ కనిపిస్తుంది. రేపు ఆర్ నేర్చుకోవాలనుకునేవాళ్లకి ఇది దారి చూపిస్తుంది. ఐతే ఆ కోడ్ జమోవి సొంత ప్యాకేజీది, మామూలుగా ఆర్‌లో రాసే పద్ధతి కాదు, కాబట్టి దాన్ని చదివి ఆర్ వచ్చేసిందనుకోకండి.

లోటుపాట్లు మరికొన్ని. గ్రాఫులు చూసుకోడానికి బాగుంటాయి గానీ జర్నల్‌కి కావల్సినట్టు రంగు, ఫాంట్, అక్షం పేర్లు అన్నీ మార్చుకోవాలంటే ఇందులో ఉన్న ఆప్షన్లు సరిపోవు. మిక్స్‌డ్ మోడల్స్ (ఒకే మనిషివో, ఒకే స్కూలువో చాలా కొలతలున్న డేటాకి వాడేవి) కావాలంటే గామ్ల్‌జే అనే మాడ్యూల్ కలుపుకోవాలి, మంచిదే, కానీ కొత్తవాళ్లకి అందులోని ఆప్షన్లు అయోమయంగా ఉంటాయి. క్లస్టర్లు, స్ట్రాటాలు ఉన్న పెద్ద సర్వేల డేటాకి, లక్షల వరుసల ఫైళ్లకి ఇది సరైన చోటు కాదు, నేరుగా ఆర్‌కి వెళ్లండి. బేసియన్ పద్ధతులే మీకు ముఖ్యమైతే జాస్ప్ చూడండి, అదీ ఉచితమే, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పుట్టింది, వాడటానికి జమోవిలాగే ఉంటుంది. ఎక్సెల్‌లోనే అన్నీ చేసేద్దాం అనుకునేవాళ్లకి ఒకటే చెప్తాను, డేటా ఎంట్రీకి ఎక్సెల్ బ్రహ్మాండం, కానీ అందులో మాన్ విట్నీ లేదు, లెవీన్స్ లేదు, చేతితో ఫార్ములాలు రాసుకుంటూ పోతే తప్పు ఎక్కడ దొర్లిందో వెతకడం నరకం.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. అర పాయింట్ తీసేసింది ఆ టి టెస్ట్ డిఫాల్ట్‌కీ గ్రాఫులకీ. డౌన్‌లోడ్ పేజీలో సాలిడ్, కరెంట్ అని రెండు వెర్షన్లు కనిపిస్తాయి, కొత్త ఫీచర్లు ముందుగా కావాలంటే కరెంట్, థీసిస్ మధ్యలో ఉన్నవాళ్లైతే సాలిడ్ తీసుకుని, పని అయ్యేదాకా వెర్షన్ మార్చకుండా ఉండండి. ఏ వెర్షన్ వాడారో మెథడ్స్ చాప్టర్‌లో నంబర్‌తో సహా రాయండి. మీ సొంత డేటా తెరవకముందు టూత్ గ్రోత్ ఫైల్ మీద పైన చెప్పిన అంకెలన్నీ మీకూ వస్తున్నాయో లేదో చూసుకోండి, ఏదన్నా తేడా వస్తే మొదట డోసు కాలమ్ పక్కన ఉన్న బొమ్మ చూడండి.